దోషము చేసినవానిదా, తెప్పించినవానిదా?

రెండు దేశములను ప్రక్కప్రక్కన నిలువబెట్టి, ఎవరు ఎక్కువ దోషము చేయుచున్నారని లెక్క కట్టుట ఈ కాలమున ఒక వాడుకయైనది. చైనావారు గాలిలోనికి ఇంత వదలిరి, భారతదేశము ఇంతయే వదలినది అని పత్రికలలో పట్టికలు వచ్చుచుండును. అవి చదివిన వర్తకుడు తృప్తితో పత్రిక మడచి గల్లాపెట్టెమీద పెట్టును. ఎదురు దుకాణమువాని తూకములో లోపమున్నదని ఋజువైనంత మాత్రమున తన త్రాసు సరియైనదని తేలినట్లా? వ్యాపారములో ఈ తర్కమును ఎవ్వరును ఒప్పుకొనరు. దేశముల విషయములో మాత్రము అందరును ఒప్పుకొనుచున్నారు.

ఈ సందేహమును పరీక్షించుటకు నైట్రస్ ఆక్సైడు అను వాయువు చాల తగినది. భారతదేశము, చైనా అను రెండు పెద్ద దేశములలో కర్మాగారములనుండి ఈ వాయువు వెలువడు తీరు గమనించినచో, జైన శ్రావకుని వ్రతములలో ఒక సూక్ష్మమైన చిక్కు బయటపడును.

ముందు వాయువు సంగతి. దీనిని 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మొదట తయారుచేసెను. 1799లో హంఫ్రీ డేవీ దీనిని స్వయముగా పీల్చి, ఇది నవ్వు పుట్టించుననియు, నొప్పిని మరపించుననియు కనుగొనెను. 1844లో హోరెస్ వెల్స్ అను అమెరికా దంతవైద్యుడు ఈ వాయువు పీల్చి తన పన్నునే పీకించుకొనెను. ఇప్పటికిని ఆసుపత్రులలో దీనిని వాడుదురు. రోగికి మేలుచేయు ఈ వాయువు ఆకాశమునకు చేరినపుడు దాని నడవడి వేరు. నూరేండ్లకు పైబడి అక్కడనే నిలిచియుండును. ఒక కిలో నైట్రస్ ఆక్సైడు నూరేండ్ల లెక్కలో 273 కిలోల బొగ్గుపులుసు వాయువు చేయునంత తాపమును భూమికి కలిగించును. యంత్రయుగమునకు పూర్వము గాలిలో నూరుకోట్ల భాగములకు సుమారు 270 భాగములుండిన ఈ వాయువు 2022 నాటికి 336 భాగములకు చేరినది. ఇదిగాక, సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను ఇది తినివేయును. ఆ పొరకు హానిచేయుచు నేడు మానవులు వదలుచున్న వాయువులలో ఇదియే ప్రధానమని 2009లో రవిశంకర అను భారతదేశమునుండి వెళ్ళిన శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును తెలిపిరి. అయినను ఓజోను రక్షణకై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడికలో దీనికి చోటు లేదు.

దీనికి రంగు లేదు. కంటికి మంట లేదు. అదియే దీని విషయములో పెద్ద ఇబ్బంది. 2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరు వద్ద ఓడలనుండి అమోనియా తెచ్చు సముద్రపు గొట్టము చిల్లుపడినపుడు, కళ్ళు మండి, ఊపిరాడక చుట్టుప్రక్కల గ్రామములవారు అర్ధరాత్రి ఇండ్లు విడిచి వీధిలోనికి వచ్చిరి. ప్రభుత్వము కదిలినది, న్యాయస్థానము కదిలినది. అదే అమోనియానుండి పుట్టు నైట్రస్ ఆక్సైడు ఎన్ని టన్నులు లేచిపోయినను ఒక్క పసిబిడ్డ దగ్గదు. ఫిర్యాదు చేయువాడు లేని దోషమును ఎవరు లెక్కింతురు?

మానవుల చేతలవలన పుట్టు ఈ వాయువులో నాల్గింట మూడు వంతులు వ్యవసాయమునుండి, అనగా నత్రజని ఎరువులనుండియు, పశువుల పేడనుండియు వచ్చునదే. కర్మాగారముల వాటా చిన్నది. ఆ చిన్న వాటాలో ముఖ్యమైనవి రెండు. ఒకటి నత్రికామ్లము. అమోనియాను కాక పుట్టించి ప్లాటినపు వలమీదుగా పంపి దీనిని తయారుచేయుదురు. టన్ను ఆమ్లమునకు యంత్రపు తీరునుబట్టి 5 మొదలు 9 కిలోల వరకు నైట్రస్ ఆక్సైడు పుట్టును. రెండవది అడిపిక్ ఆమ్లము. ఇది ఒక రకము నైలానునకును, పాలియురెథేను అను మెత్తని రబ్బరువంటి పదార్థమునకును మూలము. దీని విషయములో మాత్రము లెక్క ఉలికిపడునట్లుండును. నివారణ లేని కర్మాగారములో టన్ను అడిపిక్ ఆమ్లమునకు సుమారు 300 కిలోల నైట్రస్ ఆక్సైడు! 273 చేత హెచ్చవేసిన ఒక్క టన్ను సరుకు వెనుక 81,900 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన తాపము నిలుచును. ఇరువది టన్నుల లారీ ఒకటి అడిపిక్ ఆమ్లము మోసికొని పోవుచున్నదనిన, దాని వెనుక కంటికి కనబడని 1,638 టన్నుల భారము నడచుచున్నదని అర్థము.

ఈ సంగతి మొదట తెలిపినది 1991లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు. అటు పిమ్మట పదేండ్లలోగా ధనిక దేశముల ఆమ్లపు కంపెనీలు చాలవరకు ఈ వాయువును కొలిమిలో కాల్చియో, వేరు పదార్థముల సహాయమున విడగొట్టియో నాశనము చేయు ఏర్పాట్లు చేసికొనెను. నూటికి 95 పాళ్ళు మొదలు 99 పాళ్ళవరకు నాశనము చేయవచ్చును. తాపములో తగ్గిన ప్రతి టన్నుకు అగు ఖర్చు అతిస్వల్పము.

చైనాలో జరిగినది వేరు. క్యోటో ఒడంబడిక 2005లో అమలులోనికి వచ్చిన తరువాత, పేద దేశముల కర్మాగారము ఒకటి దోషము తగ్గించినచో, ఆ తగ్గింపునకు పత్రములిచ్చి, వాటిని ధనిక దేశములు కొనునట్లు ఒక పద్ధతి ఏర్పడెను. హెనాన్ రాష్ట్రములో ఒకటి, లియావోయాంగులో ఒకటి, ఈ రెండు అడిపిక్ ఆమ్లపు కర్మాగారములు అందులో చేరినవి. భారతదేశమున గుజరాతు, మహారాష్ట్రములలోని కొన్ని నత్రికామ్లపు కర్మాగారములును చేరినవి. కాల్చుటకైన ఖర్చు కొద్ది. పత్రమునకు వచ్చిన వెల ఎన్నో రెట్లు. ఆమ్లము అమ్మిన లాభముకంటె దోషము మాన్పుకొన్న లాభము ఆకర్షణీయమై కూర్చుండెను. ఇతర దేశములనుండి ఉత్పత్తి ఈ బహుమతిగల కర్మాగారములకు తరలినదని స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారు 2010లో వ్రాసిరి. 2013నుండి యూరపు దేశములు అడిపిక్ ఆమ్లపు పత్రములను పుచ్చుకొనుట మానివేసినవి. అప్పటికే బజారులో పత్రముల వెల ఒక యూరో లోపలికి పడిపోయినది. పైగా ఆ పద్ధతి 2004 చివరకు ఉండిన యంత్రములకే వర్తించును. ఆ తరువాత చైనాలో లేచిన కొత్త కర్మాగారములకు బహుమతియు లేదు, మానుమని చెప్పు చట్టమును లేదు. ప్రపంచపు అడిపిక్ ఆమ్లములో చైనా వాటా పెరిగినకొలదియు వాయువును పెరిగినది. దీనిని తగ్గించుటలో సహకరింతుమని చైనా, అమెరికా ప్రభుత్వములు 2023 నవంబరులో కలిసి ప్రకటించినవి.

బహుమతి ఉన్నంతకాలము మానిన దోషమును మానుట అనవచ్చునా అను ప్రశ్న ఇక్కడ పుట్టును. ఉపవాసమునకు ప్రభావన పంచుదురని తెలిసి ఉపవాసము చేసి, పంచుట నిలిపిన ఏడు భోజనమునకు కూర్చున్నవానిని పెద్దలు ఏమందురో అందరికిని తెలిసినదే. అయినను చైనా యజమానిని మాత్రమే ఏలా తప్పు పట్టుట? కాల్చినందుకు కూలి ఇచ్చి అలవాటు చేసినవారు, ఆ కూలి నిలిపిననాడు దానికి బదులు ఏ కట్టుబాటును పెట్టలేదు.

ఇక భారతదేశము. 2020 సంవత్సరపు లెక్కలో మానవులు కలిగించిన నైట్రస్ ఆక్సైడులో చైనా వాటా నూటికి 16.7, భారతదేశపు వాటా 10.9. ప్రపంచమున ఇవి ఒకటవ, రెండవ స్థానములు. మన వాటా అధికభాగము పొలములదే. కర్మాగారముల పద్దు మాత్రము విడదీసి చూచిన మనది చాల చిన్నదిగా కనబడును. కారణము మన సంయమము కాదు. మన ఎరువులలో ముఖ్యమైన యూరియాకు నత్రికామ్లము అక్కరలేదు. అడిపిక్ ఆమ్లమునా, మన దేశమున దాదాపు తయారే కాదు. చైనా మొదలగు దేశములనుండి దిగుమతి చేసికొందుము. ఆమ్లముగా కొంత, చెప్పుల అట్టలుగా కొంత, దారముగా కొంత. వాయువు అక్కడి పద్దులో పడినది. వస్తువు ఇక్కడి బీరువాలో పడినది. పట్టికలో మన అంకె చిన్నదైనది.

మన సమాజమునకు ఇందులో ప్రత్యేకమైన పాత్ర కలదు. జైన కుటుంబములు తోలు వస్తువులను తొడగరు, అమ్మరు. పంచేంద్రియ జీవిని చంపి తెచ్చిన చర్మమను జుగుప్స తరతరములుగా వచ్చినది. పట్టుపురుగులను ఉడికింతురని పట్టు మానిన ఇల్లాండ్రు ఎందరో. తోలునకు బదులు పాలియురెథేను అట్టగల చెప్పులు, పట్టునకు బదులు నైలాను చీరలు వచ్చినపుడు ఇది అహింసా వస్తువని సంతోషించి కొన్నారు, అమ్మినారు. పాలియురెథేను అట్టలలో చాల రకములు అడిపిక్ ఆమ్లముతో చేసినవే. ఇంకొక రకము నైలానునకు మూలమైన కాప్రోలాక్టము తయారీలోను ఈ వాయువు పుట్టును. అది మన దేశమునను తయారగుచున్నది. ముహపత్తి లేనిదే నోరు విప్పని సాధుసాధ్వులకు నమస్కరించు సమాజమిది. వేడి ఊపిరి తగిలి వాయుకాయ జీవులు బాధపడునని నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనువారి శిష్యులు, ఆ గాలిలోనే నూరేండ్లు నిలుచు తాపమును డజన్ల లెక్కన అమ్ముచున్నారు.

తొందరపడి తోలే మేలని ఎవ్వరును అనరాదు. హింసలో తరతమ భేదము శాస్త్రసమ్మతము. పంచేంద్రియ జీవిని తెలిసి చంపుటయు, స్థావర జీవులకు పరోక్షముగా బాధ కలుగుటయు సమానము కావు. తోలు మానిన పెద్దలు సరియే చేసిరి. కాని, మానినదానికి బదులు తెచ్చినది ఎట్లు పుట్టినదో అడుగుట అక్కడితో ఆగిపోయినది.

తిరువళ్ళూరునుండి తిరుత్తణి పోవు త్రోవలో కనకమ్మ సత్రము అను ఊరున్నది. సత్రము పేరే ఊరి పేరైనది. ఆ ప్రాంతమున తెలుగు మాట ఇంకను వినబడును. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మదరాసు రాష్ట్రములో కలిసెను. కాగితముమీద గీత జరిగినది. పొలములమీది గాలికి ఆ సంగతి తెలియదు. అక్కడ చెప్పుల అంగడి పెట్టుకొన్న ఒక శ్రావకుడున్నాడని ఊహింతము. తోలు జోలికి పోడు. ఆడికృత్తికకు కావడులతో తిరుత్తణి పోయివచ్చు జనమునకు, రైతులకు, బడిపిల్లలకు తేలికైన చెప్పులమ్మును. చెన్నపట్టణపు టోకు వర్తకునివద్ద సరుకు తెచ్చుకొనును. ఆ టోకు వర్తకుడు ఆరునెలలు ముందుగా విదేశమునకు ఇండెంటు వ్రాయును. ఈ ముగ్గురిలో, అనగా తొడిగిన రైతు, అమ్మిన శ్రావకుడు, తెప్పించిన టోకు వర్తకుడు, వీరిలో లియావోయాంగు గాలిలో లేచిన వాయువు ఎవరి పద్దున పడును?

జైనశాస్త్రము ఇట్టి ప్రశ్నకు సిద్ధముగానే ఉన్నది. కృతము, కారితము, అనుమోదితము అని మూడు ద్వారములు. తాను చేయుట, చేయించుట, చేసినదానికి ఒప్పుకొనుట. సాధువు మూడింటిని త్యజించును. గృహస్థుడు అణువ్రతము పట్టునపుడు సామాన్యముగా మొదటి రెంటిని మాత్రమే వదలును; లోకములో బ్రతుకువానికి మూడవది పూర్తిగా సాధ్యము కాదని పెద్దలు దయతో విడిచిరి. కావున ఇప్పటి ప్రశ్న ఇంతే: కొనుట కారితమా, అనుమోదితమా?

దీనికి గోచరీ నియమములో ఒక దారి దొరకును. తనకొరకై వండిన ఆహారమును సాధువు ముట్టడు. గృహస్థుడు తన ఇంటికై వండుకొన్నదానిలో కొంచెము మాత్రము స్వీకరించును. వంటలోని హింస రెండుచోట్లను ఒకటే. ఒకచోట పొయ్యి సాధువు నిమిత్తమై వెలిగినది, రెండవచోట సాధువు రాకున్నను వెలుగును. ఆ భేదమే భేదము. బజారులో తయారై వ్రేలాడుచున్న జతను కొను రైతు ఈ రెండవ పద్ధతికి దగ్గరగా ఉన్నాడు. ఇండెంటు వ్రాసినవాని సంగతి అట్లు కాదు. ఆ కాగితము చేరిన పిమ్మటనే అక్కడ యంత్రము తిరిగినది. అది చేయించుటయే. మధ్యనున్న కనకమ్మ సత్రపు అంగడివాడు కొంత ఇటు, కొంత అటు. ఇది కఠినమైన తీర్పని టోకు వర్తకులు అనుకొనవచ్చును. ఇండెంటు పుస్తకమును లాభమునకు సాక్ష్యముగా చూపి, దోషమునకు మాత్రము అది సాక్ష్యము కాదనుట కుదరదు గదా.

ఇక్కడ ఒక పెద్ద ఆక్షేపణ వచ్చును. ఇట్లు ప్రతి సరుకు పుట్టుపూర్వోత్తరములు విచారించినచో అంగడి తాళము వేసికొనవలసినదే. ఉప్పు ఎవరు పండించిరి, ఇనుము ఎవరు కరగించిరి, లారీ ఎంత పొగ వదలినది? ఈ మాటలో సత్యమున్నది. అందుకే శాస్త్రము గృహస్థుని సర్వహింసా త్యాగము అడుగదు. యతన అడుగును. ప్రమాదమనిన ఈ పరిభాషలో ఆపద కాదు, అజాగ్రత్త. తెలియక జరిగినదానికిని, తెలిసికొనుటకు వీలుండియు తెలిసికొనక పోవుటకును మధ్య గీత అక్కడ గీయబడినది. వేయి సరుకులలో 999 విచారింపలేమని, టన్నునకు 300 కిలోలు వదలు ఒక్కదానిని విచారింపకుండుట యతన కాదు.

రెండవ ఆక్షేపణ దేశాభిమానుల నుండి. ధనిక దేశములు నూటయేబది ఏండ్లు ఆకాశమును నింపి, ఇప్పుడు పేదలకు నీతులు చెప్పుచున్నారని. ఇదియు నిజమే, చాలవరకు. రైతు యూరియా చల్లుట మానుమనువాడు అతని పిల్లల అన్నము సంగతి ముందు చెప్పవలెను. కనకమ్మ సత్రము చుట్టును వరి, చెరకు పండును. ఎరువు లేక ఆ పంట నిలువదు. చల్లిన నత్రజనిలో చాలభాగము మొక్కకు చేరక నీటిలోను గాలిలోను పోవుచున్నది, అది తగ్గించుకొనవలసినదే. 2015లో ప్రభుత్వము యూరియాకంతకును వేపనూనె పూత తప్పనిసరి చేసినది అందులకే. అయినను ఆ హింసకు ఒక ప్రయోజనమున్నది. శ్రావకుని పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణమని ఒకటి కలదు. ప్రయోజనము లేని హింసను మానుట. అడిపిక్ ఆమ్లపు గొట్టమునుండి పోవు వాయువు ఎవరి కడుపు నింపుచున్నది? దానిని కాల్చివేసినను చెప్పు అదే చెప్పు, దారము అదే దారము. కొద్దిపాటి ఖర్చు మిగులుటయే దాని ప్రయోజనము. కాబట్టి పట్టికలో పొలముల అంకె పెద్దదైనను సార్థమైనది, కర్మాగారపు అంకె చిన్నదైనను అనర్థమైనది. రెండు దేశముల మొత్తములను మాత్రమే పోల్చు పట్టికలో ఈ భేదము కనబడదు. దండమునకు అర్థమున్నదా లేదా అని తూచు త్రాసు ఐక్యరాజ్యసమితి వద్ద లేదు, మన ఉపాశ్రయములలో ఉన్నది.

అమృతచంద్రసూరి పురుషార్థసిద్ధ్యుపాయములో హింసా ఫలమును గూర్చి చేసిన విచారమును ఈ సందర్భమున మరల చదువదగినది. ఒకడు చేసిన హింసకు ఫలమనుభవించువారు పలువురు కావచ్చుననియు, పలువురు చేసినదానికి ఒక్కడే అనుభవించవచ్చుననియు ఆయన చెప్పెను. వేయేండ్లనాడు చెప్పిన ఆ మాట ఓడల వ్యాపారమునకు ఎంత చక్కగా అమరినదో చూడుడు. చైనా కార్మికుడు మీట నొక్కెను. ఫలము పంచుకొనువారు చెన్నపట్టణమున, విజయవాడలో, గుంటూరులో దుకాణములు తెరిచి కూర్చున్నారు.

ఉపాసకదశాంగములో శ్రావకుడు వర్జింపవలసిన పదునైదు కర్మాదానములు చెప్పబడినవి. బొగ్గుల కొలిమి, అడవి నరకుట, దంతము, లక్క, విషముల వ్యాపారము, అడవికి నిప్పుపెట్టుట, చెరువులెండగొట్టుట మొదలగునవి. ప్రతిక్రమణములో ఏటేట వాటిని చదివి క్షమాపణ కోరువారు, ఏనుగు దంతము ఎన్నడు అమ్మలేదు గనుక తమకు సంబంధము లేదని తేలికపడుదురు. ఆనాటి వృత్తులవి. ఈనాటి కొలిమి ఏది, ఈనాటి విషవాణిజ్యమేది అని పేర్లు వ్రాసి చూపవలసిన పని ఆచార్యభగవంతులు, సంఘపెద్దలు కలిసి చేయవలసినది. అడిపిక్ ఆమ్లమును ఆ జాబితాలో చేర్చవలెనా అనిన, పూర్తిగా చేర్చరాదనియే తోచును. వాయువును నాశనము చేయు కర్మాగారపు సరుకు వేరు, చేయనిదాని సరుకు వేరు. 300 కిలోలకు బదులు 15 కిలోలు, ఇంకను మంచి యంత్రమైన 3 కిలోలు. ఆ ధ్రువపత్రము అడిగి కొనుట ఇండెంటు వ్రాయు వర్తకునికి ఒక ఉత్తరపు పని. బట్టలకు రంగు నిలుచునా, అట్ట ఎన్నినెలలు వచ్చునని అడుగువాడు ఇంకొక వాక్యము వ్రాయవచ్చును. ఒక్కడు వ్రాసిన చైనా యజమాని చదువడు. నలుబది మంది టోకు వర్తకులు ఒకే ఋతువులో వ్రాసిన చదువును. కొనువాని మాట వినని అమ్మువాడు ఏ దేశమునను లేడు.

ఇటువంటి ఆమ్లములను దిగుమతి మాని ఇచ్చటనే చేసికొనవలెనను మాట స్వదేశీ దృష్టితో లేచుట సహజము. అట్టి కర్మాగారమొకటి వచ్చిననాడు మన అంకె ఒక్కసారిగా పెరుగును, పొరుగుదేశమును చూపుటకు వీలుండదు. దాని వాటాలు కొనువారిలో మన కుటుంబములును ఉండును. వాటాల ప్రకటన చేతికి వచ్చినపుడు లాభాంశపు పుట తిప్పకముందే, వెలువడు వాయువును కాల్చు ఏర్పాటునకు ఎంత సొమ్ము ఏ పద్దు క్రింద వ్రాసిరో వెదకుట లెక్కలు తెలిసినవారికి అరగంట పని. అట్టి పద్దే లేనియెడల, ఏల లేదని సర్వసభ్య సమావేశములో లేచి అడుగుటకు ఒక్క వాటా ఉన్నవానికిని హక్కు కలదు.